తోలు సంచికి గసెట్ కుట్టేటప్పుడు మూలల్లో ముడతలు ఎందుకు పడతాయి?

ముందు, వెనుక ముక్కలను కలుపుతూ సంచి పక్కలనూ అడుగునూ చుట్టే పొడవాటి పట్టీ, అంటే గసెట్, కింది మూలల్లో ముడతలు పడుతోందనీ, పైకి వచ్చేసరికి ఒక పక్క పొడవుగా మిగిలిపోతోందనీ, కుట్టు గట్టిగా లాగకపోవడమే కారణమా అనీ మీరు అడిగారు. కుట్టులో దోషం ఉందని నేను అనుకోను. తోలు కోయకముందు తీసుకున్న కొలతలోనే అది ఉండి ఉంటుంది, ఎందుకంటే నా మొదటి భుజసంచికి సరిగ్గా ఇదే జరిగింది.

ఆ సంచి ముందు ముక్క 30 సెం.మీ. వెడల్పు, 24 సెం.మీ. ఎత్తు. కింది రెండు మూలలనూ 4 సెం.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా కోశాను. అంచు వెంబడి టేపు పెట్టి కొలిస్తే 74.6 సెం.మీ. వచ్చింది, గసెట్‌ను అంతే పొడవుకు కోశాను. అయితే కుట్టు పడేది అంచు మీద కాదు, అంచుకు 4 మి.మీ. లోపల. అక్కడ మూల వ్యాసార్ధం 3.6 సెం.మీ.కు తగ్గుతుంది కాబట్టి కుట్టు నడిచే దారి మొత్తం 73.3 సెం.మీ. మాత్రమే. మిగిలిన 13 మి.మీ. తోలును ఎక్కడో ఒకచోట సర్దాలని ప్రయత్నిస్తే అది రెండు మూలల్లోనూ ముడతలుగా లేచింది. మూలల గుండ్రాన్ని లెక్కలోకి తీసుకోకుండా రెండు ఎత్తులు, ఒక వెడల్పు కూడితే 78 సెం.మీ. వస్తుంది, తేడా ఇంకా పెద్దది.

అప్పటినుంచి నేను సెంటీమీటర్లను కాక బెజ్జాలను లెక్కపెడుతున్నాను. కుట్టుగీత మీద అడుగు మధ్యలో ఒక బెజ్జం గుర్తుపెట్టి, అక్కడినుంచి రెండు వైపులకూ 4 మి.మీ. దూరంలో బెజ్జాలు వేసుకుంటూ వెళ్తే, పై కొలతల సంచికి ఒక్కో వైపు 91 చొప్పున, మధ్యదానితో కలిపి 183 వస్తాయి. గసెట్ రెండు అంచుల మీదా, వెనుక ముక్క మీదా అదే లెక్క ఉండాలి. వంపులో మాత్రం బెజ్జాలు వేయడానికి రెండు పళ్ల ఉలినే వాడండి, ఎక్కువ పళ్లున్నది గుండ్రం తిరగదు. బెజ్జాలన్నీ కుట్టకముందే వేసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే ఒక పక్క కుట్టాక సంచి పెట్టె ఆకారంలోకి వస్తుంది, రెండో పక్కను బల్ల మీద పరిచి సుత్తితో కొట్టడానికి వీలుండదు. గసెట్ రెండు చివర్లా 2 సెం.మీ. చొప్పున అదనంగా ఉంచి, కుట్టు పూర్తయ్యాక కోసేయండి.

లెక్క కుదిరినా, మందమైన తోలు మూల తిరగదు. ముక్కలు 2 మి.మీ. మందం ఉంటే గసెట్ 1.2 మి.మీ. చాలు, దాని అంచులను వేలెడు వెడల్పున లోపలి వైపునుంచి గీకి 0.8 మి.మీ.కు పలచబరుస్తాను. కుట్టు బయటికి కనిపించే సంచిలో, మూల దగ్గర గసెట్ అంచు లోపలి మడత కన్నా పెద్ద వంపు తిరగాలి కాబట్టి సాగవలసి వస్తుంది. కరక్కాయ, తంగేడు బెరడు వంటివాటితో పదును చేసిన తోలైతే ఆ భాగాన్ని కొద్దిగా తడిపి, వేళ్లతో సాగదీసి, క్లిప్పులు పెట్టి ఆరనిస్తే ఆ ఆకారంలోనే నిలిచిపోతుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు ఇలా తడిపినంతమాత్రాన ఆకారం పట్టదు. లోపలి వైపు బయటికి ఉంచి కుట్టి, తర్వాత తిరగేసే సంచిలో పరిస్థితి దీనికి వ్యతిరేకం, అంచు లోపలికి పోయి గుమిగూడుతుంది గనుక కుట్టుగీతకు 2 మి.మీ. దూరం వరకు చిన్న చిన్న వి ఆకారపు గాట్లు పెట్టాలి.

జిగురు రాసే ముందు అడుగు మధ్య బెజ్జంలోనూ, ప్రతి వంపు మొదట్లోనూ చివరనూ ఒక్కొక్క సూది గుచ్చి రెండు పొరలూ కలిశాయో లేదో చూస్తాను. దారం కుట్టు పొడవుకు నాలుగు రెట్లు కావాలి, అంటే ఇక్కడ దాదాపు 3 మీటర్లు. అంత పొడవు దారాన్ని పదేపదే తోలులోంచి లాగితే మైనం పోయి నలుగుతుంది, అందుకే మధ్యనుంచి మొదలుపెట్టి రెండు సగాలుగా కుడతాను, మధ్యలో రెండు కుట్లు ఒకదానిపై ఒకటి వేస్తాను. సంచి నోటి దగ్గరి చివరి బెజ్జం మీదే లాగుడంతా పడుతుంది కనుక అక్కడ దారాన్ని రెండుసార్లు చుట్టండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న సంచిని లాగి సరిచేయాలని చూడకండి. తోలులో పడిన బెజ్జం బట్టలోలా పూడుకోదు. కుట్లు జాగ్రత్తగా విప్పి, ముందు ముక్క మీద ఉన్న బెజ్జాలను లెక్కపెట్టి, ఆ లెక్కకే కొత్త గసెట్ కోయండి. ముందు, వెనుక ముక్కల్లో బెజ్జాల సంఖ్య సమానంగా ఉంటే ఆ రెండూ మళ్లీ పనికొస్తాయి.