జూనో-106 కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడూ,

మామయ్య ఆశీస్సులు. జపాన్ నుంచి వచ్చిన జూనో-106 ఒకటి అమ్మకానికి ఉందని, ఆదివారం చూడ్డానికి వెళ్తున్నానని రాశావు. కొనొచ్చా అంటే, కొనొచ్చు. 1984లో రోలాండ్ తెచ్చిన ఆ కీబోర్డు చేతికి తేలిక, నేర్చుకోవడానికి ఇంకా తేలిక. ఎడమ నుంచి కుడికి స్లైడర్లు జరుపుతూ పోతే సింథసైజర్ పాఠమంతా అదే చెప్పేస్తుంది. అయితే దాని విలువంతా లోపల బోర్డు మీద వరసగా నిలబెట్టిన ఆరు చిప్‌ల మీద ఉంది. వాటి సంగతి తేలేదాకా ధర గురించి నోరెత్తకు.

ముందు ప్లగ్గు సంగతి. వెనక ప్లేటు మీద ఎన్ని వోల్టులో రాసి ఉంటుంది. జపాన్ సరుకైతే 100 అని ఉంటుంది. దాన్ని మన 230లో పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. చాలామంది ఇక్కడే ఇంకో పొరపాటు చేస్తారు. బజార్లో 220 నుంచి 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కొని, దగ్గర్లోనే ఉందిగా అని తగిలిస్తారు. లెక్క చూడు. అది వోల్టేజీని సరిగ్గా సగం చేస్తుంది. మన లైను రాత్రిపూట 245కి పోయిందంటే బయటికొచ్చేది 122. అంటే 100 వోల్టుల పరికరానికి ఇరవై శాతానికి పైగా ఎక్కువ. వెంటనే ఏమీ కాలిపోదు. రెగ్యులేటర్లు వేడెక్కుతాయి, ఆ వేడి పక్కనున్న కెపాసిటర్లను నెమ్మదిగా తినేస్తుంది. అందుకని 230 నుంచి 100కి దించేదే కావాలని అడుగు. 100 వోల్ట్-ఆంపియర్ల సైజు చాలు. రెడీమేడ్ దొరక్కపోతే ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాళ్లు చుట్టి ఇస్తారు. కోఠి గుజరాతీ గల్లీలో గానీ, చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ అడిగితే చుట్టేవాళ్ల దారి చెబుతారు. విదేశాలకు వెళ్లేవాళ్లు హెయిర్ డ్రయ్యర్‌కి వాడే అరచేతి సైజు కన్వర్టర్ మాత్రం ససేమిరా వద్దు. అది వోల్టేజీని దించదు, కరెంటు అలను ముక్కలుగా కోసి ఇస్తుంది. ఇంట్లో చవకరకం ఇన్వర్టర్ ఉంటే, కరెంటు పోయినప్పుడు జూనోని దాని మీద నడపకు. ఆ చదరపు అలతో ట్రాన్స్‌ఫార్మరూ గీపెడుతుంది, స్పీకరూ గీపెడుతుంది.

ఇక పరీక్ష. వెళ్లేటప్పుడు మంచి హెడ్‌ఫోన్లు పట్టుకెళ్లు. నువ్వు వచ్చే గంట ముందే ఆన్ చేసి ఉంచమని ఫోన్‌లో చెప్పు. ఇందులో ఆరు వాయిస్‌లు ఉంటాయి, ఒక్కోటి ఒకసారికి ఒక స్వరం పలికిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా పలికే వాయిస్ వేడెక్కాక పటపటలాడటం ఈ వాద్యానికి మామూలు. ఇప్పుడే ఆన్ చేశానంటే కూర్చుని కాఫీ తాగు, తొందరేం లేదు.

అమ్మేవాళ్లు శబ్దాన్ని చిక్కగా చేసే కోరస్ ఎఫెక్ట్ వేసి, నిండైన స్ట్రింగ్స్ పలికించి చూపిస్తారు. అది ఎలాంటి జూనోలోనైనా కమ్మగానే ఉంటుంది. పోలీ 1, పోలీ 2 రెండు బటన్లూ కలిపి నొక్కి యూనిసన్‌లో వాయించారంటే మరీ జాగ్రత్త. ఆరు వాయిస్‌లూ ఒకే స్వరం మీద పడతాయి, అందులో ఒకటి చచ్చినా నీ చెవికి తెలియదు. కాబట్టి కుర్చీ నువ్వు తీసుకుని వాద్యాన్ని బోడిగా మార్చు. మాన్యువల్ బటన్ నొక్కితే స్లైడర్లు ఎక్కడున్నాయో శబ్దం అక్కడికొస్తుంది. కోరస్ ఆఫ్. సా-టూత్ (రంపపు పళ్ల లాంటి అల) ఒక్కటే ఆన్, పల్స్ అల ఆఫ్, సబ్ ఆసిలేటరూ నాయిజూ కిందికి. ఫిల్టర్ ఫ్రీక్వెన్సీ పూర్తిగా పైకి, రెజొనెన్స్ సున్నా. హై-పాస్ స్లైడర్ 1 దగ్గర పెట్టు. 106లో సున్నా దగ్గర పెడితే బేస్ పెంచుతుంది, ఉన్నదున్నట్టు వచ్చేది 1 దగ్గరే. శబ్దం స్థాయిని చూసే వీసీఏ స్విచ్ ఎన్వలప్ మీద కాకుండా గేట్ మీద ఉంచు. అప్పుడు వేలు తీసిన క్షణమే శబ్దం తెగాలి. పోలీ 1లో ఉంచి కీలు ఒక్కొక్కటీ విడివిడిగా నొక్కుకుంటూ పో.

పోలీ 1 వాయిస్‌లను వంతులవారీగా పంచుతుంది. ఏ కీ నొక్కినా సరే, ఆరింట ఒక స్వరం నీరసంగానో, పటపటమంటూనో, అసలు లేకుండానో వస్తోందంటే రోగం వాయిస్‌లో ఉంది. అలా కాకుండా ఎన్నిసార్లు నొక్కినా ఒకే కీ మూగగా ఉంటే అది కీ కింద రబ్బరు కాంటాక్టు. అరగంట పని, దానికి బేరం చెడగొట్టుకోనక్కర్లేదు. ఈ రెండింటికీ తేడా తెలియక మంచి వాద్యాన్ని వదులుకున్నవాళ్లూ ఉన్నారు, చెడ్డదాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ఏ వాయిసో నంబరుతో సహా తెలియాలంటే ఆఫ్ చేసి, కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చెయ్యి. టెస్ట్ మోడ్‌లోకి వెళ్తుంది. అప్పుడు కీ నొక్కినప్పుడల్లా పలుకుతున్న వాయిస్ నంబరు డిస్‌ప్లేలో కనిపిస్తుంది. కాగితం మీద ఒకటి నుంచి ఆరు దాకా రాసుకుని ఎదురుగా విన్నది రాయి. మళ్లీ మామూలుగా ఆన్ చేసి ఇంకొక్క పరీక్ష పెట్టు: సా-టూత్ కూడా ఆఫ్ చేసి, రెజొనెన్స్ పూర్తిగా పైకి, ఫిల్టర్ ఫ్రీక్వెన్సీ మధ్యలో, కీబోర్డ్ ఫాలో స్లైడర్ పైకి. ఫిల్టర్ తనంతట తానే ఈల వేయాలి. ఆరు వాయిస్‌లూ ఇంచుమించు ఒకే స్థాయిలో వేస్తే ఫిల్టర్లు బాగున్నట్టు. ఒకటి వేయకపోతే ఆ చిప్‌కి రోజులు దగ్గరపడ్డాయి. చివరగా చేతులు కీల మీద నుంచి తీసేసి వాల్యూమ్ పెంచి విను. సన్నగా ఏదో స్వరం కారుతూ ఉంటే అదీ రాసుకో. కోరస్ వేసినప్పుడు వచ్చే బుస్సుమనే హోరు మాత్రం జబ్బు కాదు. ఆ సర్క్యూట్‌లోని బకెట్-బ్రిగేడ్ చిప్‌ల (శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసే చిప్‌ల) స్వభావమే అంత.

ఆ ఆరు చిప్‌ల పేరు 80017ఎ. వాయిస్‌కి ఒకటి, ఫిల్టరూ వీసీఏ రెండూ అందులోనే. చిన్న సిరామిక్ పలక మీద భాగాలు అతికించి, పైన నల్లటి రెసిన్ పూత వేశారు. వయసు మీద పడ్డాక ఆ పూత లోపలి తీగల మధ్య కొద్దికొద్దిగా కరెంటును పోనిస్తుంది. పటపటలు, ఆగని స్వరాలు, మూగపోవడాలు అన్నీ ఆ లీకేజీ పుణ్యమే. వాటితోపాటు అలలు తయారుచేసే ఎంసీ5534ఎ చిప్‌లు మూడున్నాయి, ఒక్కోటి రెండేసి వాయిస్‌లు చూస్తుంది. జంటగా రెండు వాయిస్‌లలో అల పోయిందంటే అనుమానం వీటి మీదికి మళ్లించు.

పాత చిప్‌ని బతికించే పద్ధతి ఒకటుంది. బోర్డు నుంచి ఊడదీసి, మూతున్న గాజు సీసాలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి, ఒకటి రెండు రోజులు నానబెడితే పూత మెత్తబడి ఊడొస్తుంది. చాలా చిప్‌లు మళ్లీ పలుకుతాయి. అన్నీ కాదు. పూత సగమే మెత్తబడి ఉండగా గోరుతో పీకితే కింద ఉన్న ఆవగింజంత భాగం కూడా దాంతోపాటే వస్తుంది. రానంటే ఇంకో రోజు నానబెట్టడమే, బలం వాడకూడదు. అసిటోన్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది, వంటింట్లో పెట్టకు. ఒక చిప్ పోయిందంటే మిగతా ఐదింటిదీ అదే వయసు. అందుకే నా మాట, ఇప్పుడు కొత్తగా తయారవుతున్న ప్రత్యామ్నాయ చిప్‌లు ఆరూ ఒకేసారి తెప్పించి వేయించు. పాతవాటిని అసిటోన్‌లో వేసి, బతికినవి డబ్బాలో దాచుకో.

ఊడదీయడం దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఆ బోర్డు మీద రాగి గీతలు ముసలివి, వేడి ఎక్కువసేపు పెడితే లేచిపోతాయి. పాత సోల్డర్ మీద ముందు కొంచెం కొత్త సోల్డర్ కరిగించి, ఆ తర్వాత సక్షన్ ఉన్న డీసోల్డరింగ్ స్టేషన్‌తో లాగాలి. మామూలు పంపు, సోల్డర్ విక్ పట్టుకుని ఈ పని నేర్చుకునే చోటు జూనో కాదు. టీవీ బోర్డులు రోజూ చేసే చెయ్యి తిరిగిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లు. చిప్ కాళ్లకు మెషీన్-పిన్ సాకెట్ వరసలు వేయమను. అప్పుడు అనుమానమున్న చిప్‌ని పక్కదాని చోట పెట్టి చూడొచ్చు: రోగం చిప్‌తోపాటు జరిగితే చిప్‌ది, ఉన్నచోటే ఉంటే బోర్డుది. కొత్త చిప్‌లు వేశాక ప్రతి వాయిస్ పక్కనున్న ట్రిమ్మర్లను (స్క్రూడ్రైవర్‌తో తిప్పే బుల్లి నాబులను) సర్వీస్ మాన్యువల్ వరస ప్రకారం సర్దాలి. అది చేయకపోతే ఒక స్వరం మెరుస్తూ, పక్కది ముసుగేసుకుని వస్తుంది, చిప్ చెడ్డదని మళ్లీ డబ్బు తగలేస్తావు.

మిగతావి చిన్నవే. పవర్ సప్లై కెపాసిటర్లన్నీ మార్చేయమని ఎవరో ఒకరు చెబుతారు. ముందు ±15, 5 వోల్టుల లైన్లు కొలిపించు. సరిగ్గా ఉండి, హమ్ లేకపోతే ముట్టుకోకు. కీలకు రబ్బరు తీసి, కింద బోర్డును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. రబ్బరు మీది నల్లటి చుక్కను మాత్రం గట్టిగా రుద్దకు, ఆ కార్బనే కాంటాక్టు. స్లైడర్లకు ఫేడర్ల కోసం అమ్మే క్లీనరే వాడు. తుప్పు వదిలించే స్ప్రే కొడితే ఓ వారం బాగుంటుంది, తర్వాత దుమ్ముని పిలిచి కూర్చోబెట్టుకుంటుంది.

మెమరీ బ్యాటరీ సీఆర్2032, బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది. 2.7 వోల్టుల కిందికి వచ్చిందంటే మార్చాల్సిందే. మార్చేటప్పుడు హోల్డర్ వేయించు, వచ్చేసారి సోల్డరింగ్ తప్పుతుంది. తీసిన మరుక్షణం 128 ప్యాచ్‌లూ, అంటే దాచిన శబ్దాల సెట్టింగులన్నీ, పోతాయి కాబట్టి ముందే దాచుకోవాలి. వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష మిడి. వెనక మిడి ఫంక్షన్ స్విచ్ మూడో స్థానంలో పెడితే, ప్యాచ్ మార్చినప్పుడల్లా దాని వివరాలు సిసెక్స్ అనే మిడి సందేశంగా బయటికొస్తాయి. మొత్తం ఒకేసారి కుమ్మరించే బటన్ దీనికి లేదు. కంప్యూటర్‌లో రికార్డింగ్ పెట్టి 128నీ ఒక్కొక్కటిగా నొక్కుకుంటూ పోవాలి. విసుగే, కానీ ఒక్కసారి పని. వెనక ఉన్న టేప్ జాక్ ద్వారా ఆడియోగా దాచే పాత పద్ధతి కూడా పనిచేస్తుంది. మెమరీ ప్రొటెక్ట్ స్విచ్ ఆఫ్ చేస్తే తప్ప తిరిగి లోడ్ కాదు, అది మర్చిపోయి మెషీన్‌ని తిట్టేవాళ్లే ఎక్కువ. మరీ చవక యూఎస్‌బీ-మిడి తీగలు స్వరాలు బాగానే పంపి, సిసెక్స్‌ని మధ్యలో మింగేస్తాయి. ఆ ఒక్కదాని దగ్గర పిసినారితనం వద్దు.

కాకినాడలో పెట్టుకుంటావు కాబట్టి ఇదొక్కటి. సముద్రపు గాలికి కీల స్ప్రింగులు, జాక్‌లు తుప్పు పడతాయి. వాడనప్పుడు గుడ్డ కవరు కప్పి, లోపల సిలికా జెల్ సంచులు రెండు పెట్టు, రంగు మారినప్పుడు మార్చు. నెలకు రెండుసార్లైనా ఆన్ చేసి గంటసేపు వాయించు. గోడకి ఆనించకు, బల్లులకు వెనక కన్నాలంటే మహా ఇష్టం.

గమకాలు పలుకుతాయా అని అడిగావు. కీలకు వెలాసిటీ (గట్టిగా కొడితే గట్టిగా పలకడం) లేదు, ఆఫ్టర్‌టచ్ (నొక్కి పట్టి ఒత్తితే శబ్దం మారడం) లేదు. ఉన్నది స్వరాన్ని వంచే బెండర్ లీవరూ, స్వరం నుంచి స్వరానికి జార్చే పోర్టమెంటో నాబూ. యూనిసన్‌లో పెట్టి, పోర్టమెంటో కొంచెం తిప్పి, ఎడమచేత్తో లీవర్ జరుపుతూ పలికిస్తే జారు బాగా వస్తుంది. స్వరాన్ని ఊపే కంపితం కష్టం. 1982లోనే బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అనే వాద్యకారుడు రోలాండ్ సింథసైజర్లు జూపిటర్-8, టీబీ-303, డ్రమ్ మెషీన్ టీఆర్-808 పెట్టుకుని రాగాలు రికార్డు చేశాడు, కాబట్టి రోలాండ్ వాళ్ల పెట్టెల మీద రాగం కొత్త విషయమేం కాదు.

అమ్మేవాడు గంట వేడెక్కనివ్వననీ, కోరస్ తీయనివ్వననీ అంటే చెప్పులేసుకుని వచ్చెయ్. అందమైన జూనో శబ్దం చాలు, మరమ్మతులు నా వల్ల కాదనుకుంటే రోలాండ్ చిన్న పెట్టె జేయూ-06ఎ ఉంది. వాయిస్‌లు నాలుగే, కానీ పాత జూనో-60 శబ్దమూ 106 శబ్దమూ రెండూ ఇస్తుంది, యూఎస్‌బీ మీద నడుస్తుంది. స్పీకర్లు ఉన్న హెచ్‌ఎస్-60 ఎదురైతే దాన్ని చిన్నచూపు చూడకు, లోపల 106 సరుకే. చిప్‌ల జబ్బు మాత్రం దానికీ ఉంది.

ఆదివారం సాయంత్రం ఆ ఆరు నంబర్ల కాగితం ఫోటో తీసి పంపు. వెనక వోల్టేజీ ప్లేటు ఫోటో కూడా. చూసి, ధరలో ఎంత తగ్గించమనాలో చెబుతాను. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ మామయ్య