బయానా ఇచ్చాక ఇంటి లోపాలు బయటపడితే

ప్రశ్న: హనుమకొండలో నయీంనగర్ వైపు ఒక పాత జీ ప్లస్ వన్ ఇల్లు 72 లక్షలకు మాట్లాడుకొని, 10 లక్షలు బయానా (అడ్వాన్సు) ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నాము. మేము కొంటున్న మొదటి ఇల్లు ఇదే. రిజిస్ట్రేషన్‌కు ఇంకా నెల గడువుంది. తెలిసిన సివిల్ ఇంజనీరుకు చూపిస్తే, వంటగది స్లాబు కింద కొత్తగా పెట్టిన పుట్టీ గీకి, లోపల ఇనుము తుప్పు పట్టి పెచ్చులు ఊడుతున్నాయని చెప్పారు. కింది గదిలో బీరువా వెనక గోడకు మోకాలెత్తున నీటి చార ఉంది. ఈ ఇంట్లోకి నీళ్లు ఎన్నడూ రాలేదని అమ్మినాయన వాట్సాప్‌లో రాశారు. ఇప్పుడేమో, అగ్రిమెంటులో ‘ఉన్నది ఉన్నట్లుగా’ అని ఉంది, వెనక్కి తగ్గితే బయానా రాదు అంటున్నారు. మేము ఏం చేయాలి?

జవాబు: రిజిస్ట్రేషన్‌కు ముందే ఇంటిని చూపించుకోవడం మీకు కలిసివచ్చింది. సేల్ డీడ్ అయిపోయాక దాన్ని మీ ఒక్కరి మాట మీద సబ్ రిజిస్ట్రార్ రద్దు చేయరు. సివిల్ కోర్టుకు వెళ్లి, ఆస్తి విలువను బట్టి కోర్టు ఫీజు కట్టి, ఏళ్ల తరబడి నడవాల్సి వస్తుంది. కాబట్టి ఈ నెల రోజుల్లో మీరు చేసే పని మీదనే చాలా వరకు ఆధారపడి ఉంటుంది.

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవారి కంటపడని ముఖ్యమైన లోపం ఏదైనా ఉంటే దాన్ని అమ్మేవారు చెప్పి తీరాలి. చెప్పకపోవడం మోసమే అవుతుందని అదే సెక్షన్ చివర స్పష్టంగా ఉంది. అయితే పగిలిన టైల్సు, బిగుసుకుపోయిన తలుపులు, చూడగానే కనిపించే గోడ పగుళ్లు ఈ లెక్కలోకి రావు. వాటిని చూసి కూడా ధర ఒప్పుకున్నట్లే భావిస్తారు. పుట్టీ కింద దాచిన తుప్పు అలాంటిది కాదు. ఇల్లంతా పాత రంగే ఉండి, స్లాబులో ఆ ఒక్క భాగానికే కొత్త పుట్టీ ఉంటే, లోపం అమ్మకందారుకు తెలుసనడానికి అది బలమైన ఆనవాలు.

నీటి చార విషయంలో, నీళ్లు రాలేదని ఆయన వాట్సాప్‌లో రాశారు కాబట్టి, మీ పక్షం ఇంకా గట్టిది. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ హనుమకొండలో నాలాల వెంట ఉన్న కాలనీలు నీట మునిగిన సంగతి ఊరందరికీ తెలిసిందే కనుక, ‘మీరే విచారించుకోవాల్సింది’ అని ఎదుటి పక్షం వాదిస్తుంది. కాంట్రాక్టు చట్టం, 1872లోని 19వ సెక్షన్ ప్రకారం, అవతలివారు కేవలం మౌనంగా ఉన్నప్పుడు ఆ వాదనకు బలం ఉంటుంది. తెలిసి తెలిసి అబద్ధం చెప్పారని రుజువైతే ఉండదు. కాబట్టి ఆ వాట్సాప్ సందేశాన్ని పొరపాటున కూడా చెరిపేయకండి, ఫోను మార్చినా పాతది దాచి ఉంచండి.

‘ఉన్నది ఉన్నట్లుగా’ అన్న మాటను చూసి అంతగా బెదరనక్కరలేదు. కనిపించే లోపాల విషయంలో అది అమ్మకందారును కాపాడవచ్చు గానీ, తెలిసి దాచిన దానికి కోర్టులు సాధారణంగా దాన్ని రక్షణగా ఒప్పుకోవు. బయానా కూడా కొనేవారు తప్పు చేసినప్పుడే పోతుంది. మీరు న్యాయమైన కారణంతో ఇంటిని తీసుకోవడానికి నిరాకరిస్తే, ఇచ్చిన సొమ్మును రాబట్టుకోవడానికి ఆ ఆస్తి మీదనే హక్కు ఉంటుందని 55వ సెక్షనే చెబుతోంది.

ఇక్కడే చాలామంది తొందరపడి, ‘మాకు ఈ ఇల్లు వద్దు’ అని ఫోన్లో అనేస్తారు, లేదా గడువు రోజున ఊరుకుంటారు. అప్పుడు ఒప్పందం తప్పింది మీరే అవుతారు. ముందుగా ఇంజనీరు చేత తేదీ, సంతకం, ఫొటోలతో రిపోర్టు రాయించుకోండి. ఇల్లు ఇంకా వారిదే కాబట్టి, మళ్లీ ఎక్కడైనా గీకాలంటే అమ్మకందారును అడిగి, వీలైతే ఆయన ఎదుటే గీకించండి. ఆ తరువాత వకీలు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మిగతా 62 లక్షలతో రిజిస్ట్రేషన్‌కు సిద్ధంగా ఉన్నామని అందులో మొదటే చెప్పి, బ్యాంకు లోను మంజూరు పత్రం నకలు జతచేసి, ఆపైన లోపాలను వివరించి, మరమ్మతు చేయించడమో, ధర తగ్గించడమో, లేదంటే బయానా తిరిగి ఇవ్వడమో చేయాలని, నిర్ణీత గడువు పెట్టి అడగండి. బ్యాంకు విలువ కట్టి లోను ఇచ్చింది కదా అని ఇల్లు గట్టిదే అనుకునేవారు ఉన్నారు. ఆ పరిశీలన బ్యాంకు తన సొమ్ము కోసం చేసుకునేది, మీ స్లాబు కోసం కాదు.

నోటీసుకు దారికి రాకపోతే, హనుమకొండలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు చేయవచ్చు. అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానం. దావాకే వెళ్లాల్సి వస్తే, ఇల్లు రిజిస్టరు చేయమని అడిగినా, ప్రత్యామ్నాయంగా బయానా వాపసును కూడా దావాలోనే కోరాలి. కోరకపోతే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం కోర్టు దాన్ని ఇప్పించదు.

మీరు కొంటున్నది పాత ఇల్లు కాబట్టి, బిల్డర్ల ప్రాజెక్టులను నియంత్రించే రియల్ ఎస్టేట్ చట్టం (రెరా) మీకు వర్తించదు. అదే బిల్డరు దగ్గర, రెరాలో నమోదైన ప్రాజెక్టులో కొని ఉంటే, స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాలను, తెలియజేసిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాల్సిన బాధ్యత బిల్డరుదే.

అమ్మకందారు ధర తగ్గించడానికి ఒప్పుకుంటే నోటి మాటతో సరిపెట్టుకోకండి. తగ్గిన ధరను, ఏ లోపానికి తగ్గించారో, రిజిస్ట్రేషన్‌కు కొత్త గడువును అనుబంధ ఒప్పందంగా రాసి, ఇద్దరూ సాక్షుల ఎదుట సంతకాలు చేయండి. మరమ్మతు తరువాత చేయిస్తానంటే మాత్రం, ఆ పనికి ఇంజనీరు వేసిన అంచనా సొమ్మును పని పూర్తయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకునే షరతును అందులో తప్పక రాయించండి.