మెరీనా లైట్‌హౌస్ చూసిన రోజుకి గుర్తుగా ఒక తపాలా ముద్ర

ఒంగోలు నుంచి పాపతో చెన్నై వస్తున్నామని, మెరీనా లైట్‌హౌస్ ఎక్కిన గుర్తుగా తన నోట్‌బుక్‌లో స్టాంపు ముద్ర వేయించుకోవాలని ఆశపడుతోందని, అది ఎక్కడ దొరుకుతుందని అడిగారు. పోయిన ఏడాది ఇదే ఆశతో నెల్లూరు నుంచి మా అక్క కొడుకు వచ్చాడు. మేం వెళ్ళినప్పుడు టికెట్ కౌంటర్ దగ్గర అలాంటి ముద్ర ఏదీ కనబడలేదు. వాడి మొహం చిన్నబోయింది. కానీ ఆ సాయంత్రంలోగా అంతకంటే మంచిదే వాడి చేతికొచ్చింది.

ముద్ర పోస్టాఫీసులో వేయించుకోండి. కవరు మీద స్టాంపు అంటించి ఇస్తే ఆఫీసు పేరు, తేదీ ఉన్న ముద్ర కొడతారు కదా, అదే మీకు కావలసింది. పాప లైట్‌హౌస్ ఎక్కిన రోజే దాని మీద ఉంటుంది. కొన్ని పోస్టాఫీసుల్లో తేదీతో పాటు స్థానిక గుడో కట్టడమో బొమ్మగా ఉన్న ముద్ర కూడా ఉంటుంది. దాన్ని పిక్టోరియల్ క్యాన్సిలేషన్ అంటారు. చెన్నైలో అలాంటివి ఏ ఆఫీసుల్లో వేస్తున్నారో అన్నా రోడ్ హెడ్ పోస్టాఫీసులోని ఫిలాటెలిక్ బ్యూరోలో, అంటే స్టాంపులు సేకరించేవాళ్ళ కోసం ఉన్న విభాగంలో అడగండి. పిల్లలకి నచ్చే బొమ్మల స్టాంపులు కూడా అక్కడే కొనుక్కోవచ్చు.

రోజు మాత్రం చూసుకుని రండి. లైట్‌హౌస్‌కి సోమవారం సెలవు, పోస్టాఫీసుకి ఆదివారం సెలవు. అందుకని మంగళవారం నుంచి శనివారం లోపల పెట్టుకోండి. లైట్‌హౌస్ మధ్యాహ్నం కాసేపు మూసేస్తారు కాబట్టి పొద్దున పూట వెళ్ళడం మంచిది. లిఫ్ట్ ఉంది, పెద్దవాళ్ళున్నా టెన్షన్ అక్కర్లేదు.

అది చూశాక మేం లైట్‌హౌస్ స్టేషన్‌లో ఎంఆర్‌టీఎస్ అనే లోకల్ రైలెక్కి చెన్నై బీచ్ స్టేషన్‌లో దిగాం. అక్కడికి దగ్గర్లోనే, రాజాజీ సాలై మీద జీపీఓ, అంటే జనరల్ పోస్టాఫీసు ఉంది. 1884లో కట్టిన ఎర్ర భవనం, చిజమ్ అనే ఆర్కిటెక్ట్ గీసిన నమూనా. లోపలికి వెళ్ళే ముందు వాణ్ణి ప్యారిస్ కార్నర్ వైపు తీసుకెళ్ళి బయటి నుంచే హైకోర్టు గోపురం చూపించాను. ఎందుకంటే అది కూడా ఒకప్పుడు లైట్‌హౌసే. ఈ ఊళ్ళో మొదటి దీపం 1796లో సెయింట్ జార్జ్ కోటలో, ఇప్పుడు మ్యూజియం ఉన్న భవనం మీద వెలిగింది. తర్వాత 1844లో ఒక రాతి స్తంభం మీద వెలిగించారు, అది ఇప్పటికీ హైకోర్టు ఆవరణలోనే ఉంది. 1894లో దీపం హైకోర్టు గోపురం మీదికి మారింది. 1977లో మెరీనాకి వచ్చింది. అంటే మీ పాప ఎక్కబోయేది నాలుగోది. “మామా, మరి మిగతా మూడూ ఎక్కలేమా?” అన్నాడు వాడు. ఎక్కలేం గానీ, 1962లో హైకోర్టుల శతాబ్దికి 15 నయాపైసల స్టాంపులు మూడు వేశారు, కలకత్తా, మద్రాస్, బొంబాయి కోర్టులకి. వాటిలో మద్రాస్‌ది నా దగ్గర ఉంటే వాడికిచ్చేశాను. మీకూ ఎక్కడైనా దొరికితే కొనండి. దాన్ని మాత్రం కవరుకి అంటించకండి, విడిగా దాచండి.

ఇక ముద్ర సంగతి. ఇంతకు ముందు మా ఇంటి దగ్గరి ఒక పోస్టాఫీసులో నేను వేయించుకున్నది సగం పడి సగం అలికిపోయింది. తేదీ చదవలేం. మంచి స్టాంపు పాడైందని ఇప్పటికీ బాధే. అప్పటి నుంచి కవరు లోపల అట్ట ముక్క పెడుతున్నాను. కింద గట్టిగా ఉంటే ముద్ర సమంగా పడుతుంది. స్టాంపు కుడివైపు పై మూలన అంటించి, దాని ఎడం పక్క రెండు వేళ్ళ జాగా వదలండి. ముద్ర సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడితే ఊరూ తేదీ బాగా కనిపిస్తాయి. రద్దీ లేని వేళ చూసి, “పాప దాచుకుంటుంది, కొంచెం మెల్లగా కొట్టి చేతికిస్తారా” అని అడగండి. నేను వచ్చీరాని తమిళంలో అడిగినా జీపీఓ కౌంటర్‌లో ఆయన ముందు ఒక చిత్తు కాగితం మీద కొట్టి చూసుకుని, అప్పుడు మా కవరు మీద కొట్టారు. ఆ మర్యాద నేను మర్చిపోలేను. వెంటనే నోట్‌బుక్‌లో పెట్టేయకండి, ఇంకు ఆరనివ్వండి.

నోట్‌బుక్‌లో కవరు మొత్తం అంటించొద్దు. నాలుగు మూలలకీ కాగితం జేబులు చేసి అందులో దూర్చండి, మధ్యలో బటర్ పేపర్ వేయండి. చెన్నై ఉక్కకి వాడని స్టాంపుల జిగురు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒంగోల్లో కూడా అంతే కదా. ప్లాస్టిక్ కవర్లో బిగించి పెడితే ఇంకా తొందరగా పాడవుతాయి.

ఇంకో కవరు తప్పకుండా తీసుకెళ్ళండి. దాని మీద పాప చేతే తన పేరు, మీ ఇంటి అడ్రసు రాయించి, లైట్‌హౌస్ మీద నుంచి ఏం కనిపించిందో నాలుగు ముక్కలు రాసి లోపల పెట్టించి, జీపీఓలోనే పోస్ట్ చేయించండి. మావాడు రాసింది వాడు ఇంటికి చేరాక మూడో రోజున అందింది. పోస్ట్‌మ్యాన్ తన పేరు పెట్టి పిలిచాడని ఆ రాత్రి నాకు ఫోన్ చేసి రెండుసార్లు చెప్పాడు.