బాబుకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ మళ్లీ తిరగబెట్టింది... కిడ్నీలు పాడైపోతాయా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. ఆరు నెలల క్రితం పొద్దున లేవగానే కళ్లు ఉబ్బి ఉండేవి, సాయంత్రానికి తగ్గిపోయేవి. అలర్జీ అనుకుని పది రోజులు చుక్కల మందు వేశాం. తర్వాత పొట్ట, కాళ్లు కూడా వాచాయి. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని చెప్పి మూడు నెలలు స్టెరాయిడ్లు వాడారు. పూర్తిగా తగ్గింది. పోయిన వారం జలుబు చేసింది. నిన్నటి నుంచి మూత్రంలో మళ్లీ ప్రోటీన్ 3 ప్లస్ వస్తోంది. మొదట్లో నేను ఆలస్యం చేయడం వల్లే ఇలా అవుతోందా? స్టెరాయిడ్లు వాడినప్పుడు మొహం గుండ్రంగా అయిపోయింది, ఊరికే కోపం తెచ్చుకునేవాడు. ఈసారి అవి వద్దని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. కిడ్నీలు పాడైపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. రాత్రిళ్లు లేచి లేచి వాడి మొహం చూసుకుంటున్నాను.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందుగా ఆ పది రోజుల సంగతి. మీ ఆలస్యం వల్ల ఈ జబ్బు రాలేదు, తిరగబెట్టడానికీ అది కారణం కాదు. ఇందులో కిడ్నీల వడపోత పొర వదులై, రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి కారిపోతుంది. రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచడంలో అల్బుమిన్‌దే పెద్ద పాత్ర. అది తగ్గితే నీరు కణజాలంలోకి చేరుతుంది. రాత్రంతా పడుకుని ఉంటారు కాబట్టి పల్చగా ఉండే కనురెప్పల్లో నిలుస్తుంది. పగలు లేచి తిరిగేసరికి కాళ్లలోకి దిగుతుంది. అందుకే సాయంత్రానికి కళ్లు మామూలుగా కనిపిస్తాయి, చూసినవాళ్లంతా అలర్జీ అనుకుంటారు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ముందు కళ్ల చుక్కలు వాడి వచ్చినవాళ్లే. ఈ అపరాధభావాన్ని ఇక్కడితో వదిలేయండి.

ఇక కిడ్నీల గురించి. మీ బాబు విషయంలో నాకు అన్నిటికంటే ధైర్యాన్నిచ్చేది ఒకటుంది: మొదటిసారి స్టెరాయిడ్లకు జబ్బు పూర్తిగా లొంగింది. ఈ వయసులో నూటికి 80 నుంచి 90 మంది పిల్లలకు అలాగే లొంగుతుంది. అలా లొంగిన పిల్లల్లో కిడ్నీలు దెబ్బతినడం చాలా అరుదు. జబ్బు తిరగబెట్టడం మాత్రం మామూలే, ఎక్కువమందికి కనీసం ఒకసారైనా వస్తుంది. జలుబు, దగ్గు లాంటి ఇన్ఫెక్షన్లే తరచుగా దానికి నాంది. ఎక్కువమంది పిల్లల్లో యుక్తవయసు వచ్చేసరికి ఇది తగ్గుముఖం పడుతుంది. అప్పటిదాకా తిరగబెట్టిన ప్రతిసారీ దాన్ని వెంటనే పట్టుకోవడమే మన పని.

ఆ పట్టుకోవడం ఆసుపత్రిలో కంటే మీ బాత్రూమ్‌లోనే ఎక్కువగా జరుగుతుంది. పొద్దున మొదటి మూత్రంలో ప్రోటీన్ చూపే పరీక్ష స్ట్రిప్ ముంచి, డబ్బా మీద రాసిన సమయం ఆగి, పసుపు రంగు ఎంత ఆకుపచ్చకు తిరిగిందో డబ్బా మీది రంగులతో పోల్చాలి. ‘నిల్’ అంటే ప్రోటీన్ లేనట్టు, ‘ట్రేస్’ అంటే లేశమాత్రం, ‘3 ప్లస్’ అంటే బాగా ఎక్కువగా పోతున్నట్టు. ఈ పిల్లలు వచ్చినప్పుడు ఫైల్ కంటే ముందు నేను ఇంటి నోట్‌బుక్ అడుగుతాను. తేదీ, ప్రోటీన్, బరువు, ఇచ్చిన డోసు, ఒంట్లో ఎలా ఉందో ఒక్క మాట, అంతే. నెలల తరబడి ‘నిల్, నిల్’ అని వస్తూ ఒక్కసారిగా ‘3+’ కనిపిస్తుంది. చాలాసార్లు అక్కడ పెన్ను గట్టిగా నొక్కి రాసి ఉంటుంది. ఆ తల్లికి ఆ పొద్దున ఎలా గడిచిందో నాకు అక్కడే తెలిసిపోతుంది.

వరసగా మూడు రోజులు 3 ప్లస్ లేదా అంతకంటే ఎక్కువ వస్తే జబ్బు తిరగబెట్టినట్టు లెక్క. జలుబు ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు ప్రోటీన్ కనిపించి తనంతట తానే పోవచ్చు కూడా. కాబట్టి ఈ రోజే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి, పరీక్ష కొనసాగించండి. వాపు మొదలైతే మూడు రోజులు ఆగకుండా తీసుకెళ్లండి. తిరగబెట్టిందని తేలితే సాధారణంగా స్టెరాయిడ్ రోజూ ఇస్తారు. ప్రోటీన్ వరసగా మూడు రోజులు నిల్ లేదా ట్రేస్ వచ్చాక, రోజు విడిచి రోజు ఇస్తూ కొన్ని వారాల్లో ఆపుతారు.

ఇంట్లో పెద్దవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. గుండ్రటి మొహం, విపరీతమైన ఆకలి, చిరాకు, ఇవన్నీ మందు వల్లే. డోసు తగ్గేకొద్దీ తగ్గుతాయి. ఆ కోపం వాడి స్వభావం కాదు, వాడిని తిట్టకండి. కానీ మందు మానేసి ప్రోటీన్‌ను కారనిస్తే తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలున్నాయి. అవి స్టెరాయిడ్ కంటే చాలా చెడ్డవి. వాడుతూ వాడుతూ ఒక్కసారిగా ఆపడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే స్టెరాయిడ్ లాంటి హార్మోన్‌నే శరీరం సొంతంగా తయారుచేసుకుంటుంది, మందు వాడినన్నాళ్లూ ఆ తయారీ తగ్గించి ఉంటుంది. వాంతులై మాత్ర నిలవకపోయినా డాక్టర్‌కు చెప్పాలి. మాటిమాటికీ తిరగబెడుతుంటే స్టెరాయిడ్ తగ్గించడానికి లెవమిసోల్, మైకోఫెనోలేట్ లాంటి వేరే మందులున్నాయి. ఎత్తు, బీపీ, కళ్లు మధ్యమధ్యలో చూపిస్తూ ఉండండి.

తిండికి పెద్ద పత్యం లేదు. వాపు ఉన్నన్ని రోజులు ఉప్పు తగ్గించండి. ప్రోటీన్ పోతోంది కదా అని పొడులు కలిపి పట్టొద్దు. వాపు తగ్గాలని మూత్రం ఎక్కువ వచ్చే మందు మీ అంతట మీరు అసలు వేయొద్దు.

జ్వరంతో పాటు కడుపునొప్పి, మూత్రం బాగా తగ్గడం, ఆయాసం, ఒక్క కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం, వదలని తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు ఆటలమ్మ వచ్చిన పిల్లల దగ్గరికి వెళ్లాడని తెలిస్తే, ఒంటి మీద ఏమీ కనిపించకపోయినా ఆ రోజే చెప్పండి. టీకాల్లో న్యుమోనియా లాంటి ఇన్ఫెక్షన్ల నుంచి కాపాడే న్యుమోకాకల్ ఈ పిల్లలకు ముఖ్యం, అది వేయించారో లేదో చూసుకోండి. లైవ్ టీకాలు, అంటే బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి, ఎప్పుడు వేయాలో మాత్రం డాక్టర్ చెప్పాలి.

చివరగా మీ నిద్ర. కంటికి కనిపించే వాపు, ప్రోటీన్ కారడం మొదలైన కొన్ని రోజులకు గానీ రాదు. అందుకే రాత్రి మూడు గంటలకు మొహం చూసి మీరు తెలుసుకోగలిగేది చాలా తక్కువ. పొద్దున స్ట్రిప్ అంతకంటే ముందే చెప్పేస్తుంది. వారంలో కొన్ని రోజులు ఆ పరీక్ష వాళ్ల నాన్నకు అప్పజెప్పండి. రంగులు పోల్చడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది. ఆ రోజుల్లో మీరు కాస్త ఆలస్యంగా లేవండి.