మందం కాదు చిన్నా, గాలి చూడు

చిన్నా,

ఈ శనివారం డులూత్‌లో ఫ్రెండ్స్‌తో లేక్ సుపీరియర్ ఐస్ మీదకెళ్ళి చేపలు పడతావంట, మీ అమ్మ చెప్పింది. మొదటి చలికాలమే రూమ్‌లో ముడుచుకుని కూర్చోకుండా అక్కడి పిల్లలతో కలిసిపోయావని ఎంత మురిసిపోయానో, ఫోన్ పెట్టేశాక అంత గుబులు పట్టుకుంది. మార్చి వచ్చేసింది కదరా!

లైసెన్స్ తీసుకో, లైఫ్ జాకెట్ వేసుకో, మెడలో ఐస్ పిక్స్ (నీళ్ళలో పడితే ఐస్‌లో గుచ్చి పైకి లాక్కునే మేకులు) వేసుకో. ఇవి వాళ్ళే చెప్తారు.

నాలుగంగుళాల ఐస్ ఉంటే మనిషి నడవచ్చు అని కూడా చెప్తారు. అది కొత్తగా గడ్డకట్టిన క్లియర్ ఐస్ లెక్క. ఇప్పుడు పగలు కరిగి రాత్రి బిగుసుకుని లోపల్లోపల నిలువునా పుల్లలు పుల్లలుగా విడిపోయి ఉంటుంది, అడుగు మందం ఉన్నా నమ్మడానికి లేదు.

మీ మావయ్య మందం చూసుకునే వెళ్ళారు. మేం అక్కడున్నప్పుడు, ఇలాగే మార్చిలో, ఆఫీసు స్నేహితుడితో. డ్రిల్ చేసి చూశారు, ఐస్ బానే ఉంది, ఎండ కాస్తోంది, ఇంకేం కావాలి అనుకున్నారు. పడమటి గాలి లేచిందన్న సంగతి మాత్రం పట్టించుకోలేదు. చిన్న లేక్ అయితే ఐస్ అన్ని గట్లకీ అతుక్కుని ఉంటుంది, సుపీరియర్‌కి అవతల చాలాసార్లు నీళ్ళే, పడమటి గాలి కొడితే ఐస్ పలక గట్టు నుంచి తెగి లోపలికి పోతుంది, పైన నిలబడ్డవాళ్ళకి కదులుతున్నట్టు కూడా తెలీదు. తిరిగొద్దామని లేచేసరికి మధ్యలో నల్లటి నీళ్ళ చార. దూకేద్దాం అన్నారంట ఈయన! ఆ స్నేహితుడు చెయ్యి పట్టి ఆపి 911కి ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది, చూస్తుండగానే ఆ చార పెద్దదైపోయింది. బోటు వచ్చి తెచ్చేదాకా మీ బావని చంకనేసుకుని గట్టు మీద ఆయన ఎర్రకోటు వంకే చూస్తూ నిలబడ్డాను. ఇంటికొచ్చాక నోరు నొప్పెట్టేదాకా తిట్టి, అన్నం కలిపి నేనే తినిపించాను, ఆయన చేతులు వణుకుతున్నాయి మరి.

అందుకే చెప్తున్నా, వెదర్ సర్వీస్ మెరైన్ ఫోర్‌కాస్ట్ చూడు. పడమర, వాయవ్యం గాలి ఉంటే వెళ్ళొద్దు. తూర్పు గాలి ఐస్‌ని డులూత్ వైపే నెడుతుంది, కానీ మధ్యాహ్నానికి మారిపోవచ్చు. ఒకవేళ, నోట మాట రావట్లేదు గానీ, నీళ్ళలో పడితే మొదటి నిమిషం కంగారు పడకుండా ఊపిరి అదుపులోకి తెచ్చుకో, చేతులు ఓ పది నిమిషాలే మాట వింటాయి, వచ్చిన వైపుకే తిరిగి కాళ్ళు తన్నుతూ పైకెక్కు, ఎక్కాక నిలబడకు, దొర్లుతూ రా.

అసలు నన్నడిగితే ఈ ఏడాదికి ఐస్ మానెయ్. చూసేవి బోలెడున్నాయి. చికడీ పిట్ట రెండు స్వరాల పాట మొదలుపెట్టేసి ఉంటుంది, విను. మేపుల్ చెట్లకి బకెట్లు కట్టే రోజులివే, నలభై గ్యాలన్ల రసం మరిగిస్తే ఒక్క గ్యాలన్ సిరప్. మార్చి 25న సూ లాక్స్, అదే ఓడలు సుపీరియర్‌లోకి వచ్చే గేట్లు, తెరుస్తారు, ఆ తర్వాత కెనాల్ పార్క్‌లో నిలబడితే లిఫ్ట్ బ్రిడ్జి లేచి పెద్ద ఓడలు వెళ్ళడం చూడొచ్చు, నాకు ఉగాది అంటే అక్కడ అదే, వేపపువ్వు ఎటూ దొరకదు.

ఏప్రిల్ ఆఖర్లో పార్క్ పాయింట్ దగ్గరికి స్మెల్ట్ చేపలు వస్తాయి, మన నెత్తళ్ళలా కరకరలాడేలా వేయించుకోవచ్చు. మేమిద్దరం మినియాపొలిస్ నుంచి వస్తాం, మావయ్య అప్పుడే వల సర్దుతున్నారు. నీకూ నడుందాకా వచ్చే రబ్బరు బూట్లు కొంటారంట, సైజు మెసేజ్ పెట్టు. శుక్రవారం రాత్రి ఫోన్ కూడా చెయ్యి, గాలి ఎటుందో చెప్పాలి నాకు.

మీ అత్త