తుంటి విరిగిన ముసలమ్మ ఎలా లేచింది?

పర్లాకిమిడి

తమ్ముడూ,

రాయగడ నుంచి నువ్వు పంపిన కథ అందింది. నూతి గట్టు దగ్గర ముసలమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకోవడం దాకా బాగా చదివించావు. తర్వాతి పేజీలో ఆవిడే గోడ పట్టుకుని వంటింట్లోకొచ్చి మజ్జిగ తాగింది. నేనక్కడ ఆగిపోయాను.

తొడ ఎముక ఒంట్లో అన్నిటికన్నా పొడవైనది. దాని పైకొస బంతిలా ఉండి కటి ఎముక గుంటలో కూర్చుంటుంది. ఆ బంతికీ కింది కాడకీ మధ్య ఏటవాలుగా ఒక మెడ. ముట్లుడిగాక ఎముక గుల్లబారుతుంది కదా, ముసలమ్మలు పడితే ఆ మెడ దగ్గరో, కాస్త కిందో విరుగుతుంది. విరిగితే కండరాలు తొడని పైకి లాగేస్తాయి. ఆ కాలు పొట్టిగా కనిపిస్తుంది, పాదం బయటికి వాలిపోతుంది, మడమ నేల మీంచి లేవదు. విరిగిన ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగబడి నడవగలిగేవాళ్లూ అరుదుగా ఉంటారు. నీ ముసలమ్మ అలాంటిదైతే ఆ సంగతి కథలో రావాలి. లేకపోతే "నొప్పితో విలవిల్లాడింది" అన్నవన్నీ కొట్టేసి, చీర సర్దబోయిన కోడలికి ఆ వాలిన పాదం కనపడనీ.

ఇంకోటి. తుంటి కీలుకీ మోకాలికీ కొన్ని నరాలు ఒకటే. అందుకే తుంటిలో దెబ్బ తగిలినా కొందరికి నొప్పి మోకాలి దగ్గర తెలుస్తుంది. కోడలు పార్వతీపురం పిల్ల, ఒరియా రాదన్నావు. బరంపురం పెద్దాసుపత్రిలో ముసలమ్మ "మోకాలు లాగేస్తంది బాబూ" అంటుంటే, కోడలు మోకాలే చూపిస్తుంటే, డాక్టరు ఎక్స్‌రే ఎత్తి పట్టుకుని "హాడొ భాంగి జాయిచి" (ఎముక విరిగిపోయింది) అంటూ తుంటి మీద వేలు పెడతాడు. మన సరిహద్దు ఊళ్లవాడు తప్ప ఇంకెవడూ రాయలేని సన్నివేశం అది, నువ్వేమో మజ్జిగ తాగించావు!

మూటలు మోసే కొడుకు సంగతి. గూడ దిగిపోయినవాడు ఆ చేత్తోనే షావుకారుకి దణ్ణం పెట్టడు. భుజం గుంట లోతు తక్కువ, అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే ఊరికే జారుతుంది కూడా. జారాక ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఒకపక్కకి ఒరిగి నిలబడతాడు. షావుకారు దాన్ని పొగరనుకోవచ్చు. తగువు అక్కణ్ణుంచి నడిపించు.

పెద్దవాళ్లకి 206 ఎముకలని బళ్లో వల్లించాం. పుట్టిన బిడ్డకి ఇంకా ఎక్కువే ఉంటాయి, ఎదిగేకొద్దీ కొన్ని అతుక్కుంటాయి. ఆ లెక్కలు కథలో పెట్టకు. నీ చెయ్యి బల్ల మీద ఆనించి అరచెయ్యి బోర్లా తిప్పి చూడు, ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక రెండోదాని మీదుగా దొర్లుతుంది. మోచెయ్యి మాత్రం తలుపు బందులా మడుస్తుంది, చాస్తుంది, అంతే. రాసేముందు ఇలా నీ ఒంటి మీదే చూసుకో.

విరిగింది కుడికాలో ఎడమకాలో నువ్వెక్కడా చెప్పలేదు. అది తేల్చుకుని తిరగరాసి పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, వెనకాల సిరా దిగి అక్షరాలు కనపడట్లేదు.

మీ అన్నయ్య