మొదటి భార్య పెట్టిన 498ఎ కేసు రాజీ అయింది. భర్తకు అమెరికా గ్రీన్‌కార్డు స్పాన్సర్ చేయవచ్చా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: తాను అమెరికా పౌరురాలు. భర్త గుంటూరులో ఉంటారు. ఆయన మొదటి భార్య 498ఎ (భర్త, అత్తింటివారి వేధింపులు) కేసు పెడితే పోలీసులు అరెస్టు చేశారు, బెయిలు వచ్చింది. తర్వాత రాజీ, విడాకులు. కేసు ముగిసింది కాబట్టి వీసా దరఖాస్తులో అరెస్టు గురించి అడిగిన చోట ‘లేదు’ అని రాసేయమని బంధువులు అంటున్నారు. రాయవచ్చా, అసలు వీసా వస్తుందా?

మీరు చెప్పిన వివరాలు కోర్టు కాగితాల్లో కూడా అలాగే ఉంటే, ఆ కేసు వల్ల వీసా ఆగాల్సిన పని లేదు. ‘లేదు’ అని రాస్తే మాత్రం ఆగే ప్రమాదం ఉంది. మావారిదీ ఇలాంటి కేసే. కృష్ణా జిల్లాలో ఒక మేజిస్ట్రేట్ కోర్టులో 498ఎ, దానితో పాటు వరకట్న నిషేధ చట్టం 3, 4 సెక్షన్లు. ఆయన ఇప్పుడు డాలస్‌లో నాతోనే ఉన్నారు. నేను న్యాయవాదిని కాదు. ఈ దారిలో నడిచిన భార్యగా చెబుతున్నాను.

ముందు బంధువుల సలహా సంగతి. భర్తను పిలిపించుకోవడానికి మీరు వేసే ఐ-130 పిటిషన్‌కు ఆయన మొదటి పెళ్లి చట్టప్రకారం ముగిసిందని చూపే విడాకుల డిక్రీ జతచేయాలి. హిందూ వివాహ చట్టం 13బి కింద పరస్పర అంగీకారంతో తీసుకున్న విడాకులైతే, ఫలానా నంబరు క్రిమినల్ కేసులో రాజీపడతామన్న షరతు ఆ ఉత్తర్వులోనో, దానికి జతచేసిన ఒప్పంద పత్రంలోనో తరచుగా ఉంటుంది. మావారి డిక్రీలో భరణం కింద ఇచ్చిన మొత్తం రాసిన పేరా తర్వాతే కేసు నంబరుతో సహా ఉంది. అంటే కేసు ఉందని మీ చేతులతో మీరే ముందు పంపుతారు. తర్వాత డీఎస్-260లో (వలస వీసా దరఖాస్తు ఫారం) మీవారు ‘లేదు’ అంటారు. రెండు కాగితాలూ ఒకే ఫైల్లో ఉంటాయి. ఈరోజే ఆ డిక్రీ తీసి మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి.

డీఎస్-260లో ప్రశ్న అడిగే తీరు కూడా గమనించండి. ఏ నేరానికైనా ఎప్పుడైనా అరెస్టయ్యారా లేదా శిక్ష పడిందా, తర్వాత క్షమాభిక్ష లాంటిది లభించినా సరే చెప్పండి అని అడుగుతారు. కేసు కొట్టేశారా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. అరెస్టు జరిగింది కాబట్టి జవాబు ‘అవును’. కింద వివరణ రాసే చోటు ఉంటుంది. ఏ సెక్షన్లు, ఏ కోర్టు, ఎలా ముగిసింది, ఏ తేదీన అన్నవి రెండు మూడు వాక్యాల్లో రాస్తే చాలు. ముఖ్యమైన విషయం దాచి వీసా పొందాలని చూసినట్టు అధికారి నిర్ణయిస్తే, వలస చట్టం కింద వచ్చే అనర్హతకు కాలపరిమితి లేదు. దాన్ని తొలగించుకోవాలంటే ఐ-601 దరఖాస్తు వేసి, ఆయన రాకపోతే మీకు తీవ్రమైన కష్టం కలుగుతుందని రుజువు చేయాలి. రాజీతో ముగిసిన కేసుకు ఇంత దూరం వెళ్లాల్సిన అవసరమే లేదు.

ఒకవేళ అరెస్టు చేయకుండా విచారణకు హాజరు కమ్మని 41ఎ నోటీసు మాత్రమే ఇచ్చి ఉంటే? 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక 498ఎ కేసుల్లో ఇది మామూలైంది. అప్పుడు ‘అరెస్టు’ అన్న మాట సాంకేతికంగా వర్తిస్తుందా అన్నది ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగాల్సిన విషయం. మీ స్థానంలో నేనైతే అప్పుడు కూడా కేసు వివరాలు చెప్పే పంపేదాన్ని.

ఇక అసలు విషయం. అమెరికా చట్టం కేసు పెట్టారా అన్నదానికంటే అది ఎలా ముగిసిందన్నది ఎక్కువగా చూస్తుంది. ‘కేసు పోయింది’ అని మనవాళ్లు నాలుగైదు వేర్వేరు సంగతులకు ఒకే మాట వాడతారు, చిక్కంతా అక్కడే వస్తుంది. 498ఎను కోర్టు అనుమతితో రాజీ చేసుకునే వీలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నాటి సవరణతో వచ్చింది. అప్పటి నేర విచారణ స్మృతి (2024 జూలైలో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది) 320వ సెక్షన్ ప్రకారం రాజీ అయిన కేసు నిర్దోషిగా విడుదలైనదానితో సమానం. కానీ వరకట్న నిషేధ చట్టం 8వ సెక్షన్ ఆ చట్టం కింది నేరాలు రాజీకి వీలుకానివని చెబుతోంది. అందుకని 498ఎ రాజీ అయినా 3, 4 సెక్షన్లు విడిగా నిలిచి ఉంటాయి. వాటిని హైకోర్టు అదే స్మృతి 482వ సెక్షన్ (కొత్త చట్టంలో 528) కింద కొట్టేయాలి, లేదా విచారణ జరిగి సాక్ష్యం లేదని కోర్టు విడుదల చేయాలి. మావారి తీర్పులో 498ఎకు రాజీ, మిగతా రెండింటికి సాక్ష్యం లేక విడుదల అని వేర్వేరుగా రాసి ఉంది. మీవారి తీర్పులో ప్రతి సెక్షన్ ఎదుట ఏముందో చూడండి. ఒక్క సెక్షన్ గురించి తీర్పు మౌనంగా ఉన్నా, విజయవాడలోనో గుంటూరులోనో ఆ కేసు నడిపిన వకీలును పట్టుకుని ముందు దాన్ని తేల్చుకోండి.

నన్ను బాగా కలవరపెట్టేది లోక్ అదాలత్‌లో జరిగే ఇంకో పద్ధతి. చిన్న కేసుల్లో ‘తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేయండి, ఈరోజుతో అయిపోతుంది’ అని చెబుతారు. ఇండియాలో ఉద్యోగం చేసుకుంటూ బతికే మనిషికి అది తేలికైన దారే. అమెరికా వలస చట్టం దృష్టిలో మాత్రం తప్పు ఒప్పుకుని జరిమానా కట్టడం శిక్ష పడినట్టే లెక్క. తర్వాత రికార్డు చెరిపేసినా సాధారణంగా ఆ లెక్క మారదు. పెండింగ్‌లో ఏదైనా చిన్న కేసు ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు దయచేసి ఒక్కరోజు ఆగి సలహా తీసుకోండి.

కాగితాల విషయానికి వస్తే, పిటిషన్ వేయకముందే మొదలుపెట్టండి. ఐ-130 ఆమోదం పొందడమంటే మీ పెళ్లి నిజమైనదని ఒప్పుకోవడం మాత్రమే. మీవారి కేసును ఎవరూ అప్పటికి పరిశీలించి ఉండరు. ఆ పరీక్ష కాన్సులేట్‌లోనే. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసు నంబరు వెతికి స్థితి చూసుకోండి, కానీ ఆ ప్రింటుతో సరిపెట్టవద్దు. కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో కాపీ అప్లికేషన్ పెట్టి ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, తీర్పు మూడింటికీ సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. పాత కేసయితే ఫైలు రికార్డు రూముకు వెళ్లిపోయి ఉంటుంది, వెతకడానికి సమయం పడుతుంది. గడువు దాటి రికార్డు ధ్వంసం చేశామంటే ఆ మాటే కోర్టు ముద్రతో రాతపూర్వకంగా తీసుకోండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిషు అనువాదం, అనువాదం సరైనదని, తనకు రెండు భాషలూ వచ్చని అనువాదకుడి సంతకంతో ధ్రువీకరణ ఉండాలి. మన ఎఫ్ఐఆర్‌లు చేతిరాతలో, గొలుసుకట్టులో ఉంటాయి. ఆ రాత అలవాటున్నవాళ్లకు ఇవ్వండి.

మాకు ఎక్కువ కష్టమైంది కోర్టు కాదు, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. పాస్‌పోర్టు కార్యాలయం ద్వారా దరఖాస్తు చేశాం, స్టేషన్ నుంచి ప్రతికూలంగా నివేదిక వెళ్లింది. ఆ సమయంలో నేను ఇండియాలోనే ఉన్నాను కాబట్టి మావారితో కలిసి స్టేషన్‌కు వెళ్లాను. రైటర్ రిజిస్టరు తీసి మా ముందు తిప్పి పెట్టారు. మావారి పేరు ఎదురుగా ‘పి.టి.’ అని ఉంది, విచారణ పెండింగ్ అని దాని అర్థం. తీర్పు వచ్చి ఏళ్లు గడిచినా ఆ రెండు అక్షరాలను ఎవరూ మార్చలేదు. సర్టిఫైడ్ కాపీ జతచేసి స్టేషన్ అధికారికి అర్జీ ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకుని, జిల్లా కేంద్రంలోని స్పెషల్ బ్రాంచిలో కూడా ఒక ప్రతి ఇచ్చాం. రికార్డు సరిదిద్దాకే సర్టిఫికెట్ కదిలింది. మీరు సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయకముందే మీవారిని స్టేషన్‌కు పంపి ఆ గడిలో ఏముందో చూసి రమ్మనండి.

ఇంటర్వ్యూ ముంబై కాన్సులేట్‌లో జరిగింది. వేలిముద్రలయ్యాక అధికారి నేరుగా అరెస్టు గురించే అడిగారట. మావారు తీర్పు, దాని అనువాదం కిటికీ కింద నుంచి అందించి, మొదటి భార్య ఫిర్యాదు చేశారు, రాజీ అయింది, మిగతా సెక్షన్లలో విడుదలయ్యాను అని అంతే చెప్పారు. అధికారి ఛార్జిషీటు కూడా కావాలని 221(జి) కాగితం ఇచ్చారు. అది చూసి భయపడవద్దు, చాలాసార్లు ఇంకో పత్రం కావాలని చెప్పడమే అది. అది పంపాక వీసా వచ్చింది. అక్కడ మొదటి భార్యను నిందించవద్దని మీవారికి గట్టిగా చెప్పండి. ‘ఆమె డబ్బు కోసం అబద్ధపు కేసు పెట్టింది’ అన్న మాట అధికారికి అక్కరలేదు, పైగా ఆ మాట తీర్పులో లేకపోతే కొత్త ప్రశ్నలు పుడతాయి.

ఇక్కడ ఒక మాట మనసులోంచి చెబుతాను. మన ఇళ్లలో 498ఎ అనగానే దొంగ కేసు అనేస్తారు. నేను అలా అనను. మా పెళ్లికి ముందే ఆ ఛార్జిషీటు మొత్తం కూర్చుని చదివాను, సాక్షుల వాంగ్మూలాలతో సహా. అందులో ఉన్నదాని గురించి ఆయన్ను అడిగాను, ఆయన చెప్పింది విన్నాను, ఆ తర్వాతే పెళ్లికి ఒప్పుకున్నాను. మీరు ఇంకా చదవకపోతే కాన్సులేట్ కోసం కాదు, మీ కోసం చదవండి. ఆయనకు స్పాన్సర్‌గా సంతకం పెట్టబోతున్నది మీరు.

శిక్షే పడినవాళ్ల సంగతి వేరు. నైతిక పతనంతో కూడిన నేరాలని (దొంగతనం, మోసం లాంటివి) అమెరికా చట్టం ఒక వర్గం పెట్టింది. వాటిలో చిన్న నేరానికి మినహాయింపు ఉంది, కానీ ఆ నేరానికి చట్టంలో గరిష్ఠ శిక్ష ఏడాది దాటకూడదు, పడిన శిక్ష ఆరు నెలలు దాటకూడదు. చాలామంది రెండోదే చూసుకుంటారు. 2024 జూలై దాకా అమల్లో ఉన్న ఐపీసీలో 379 దొంగతనానికి మూడేళ్ల వరకు శిక్ష ఉండేది, కాబట్టి కోర్టు వందల్లో జరిమానా వేసి వదిలేసినా ఆ మినహాయింపు దొరకదు. అప్పుడు ఐ-601 వేయాలి. పౌరురాలైన భార్యకు తీవ్ర కష్టమని చూపవచ్చు, లేదా ఘటన జరిగి 15 ఏళ్లు దాటితే మనిషి మారాడని చూపవచ్చు. మత్తుమందుల కేసులో దారి చాలా ఇరుకు: 30 గ్రాములు లేదా అంతకంటే తక్కువ గంజాయి ఒక్కసారి దగ్గర ఉంచుకున్న నేరం తప్ప మిగతావాటికి ఈ ఐ-601 మార్గమే లేదు. హైదరాబాద్‌లో మద్యం తాగి బండి నడిపి పట్టుబడినవాళ్లు వైద్య పరీక్షలో అదనపు ప్రశ్నలకు సిద్ధంగా ఉండాలి, అక్కడ దాన్ని ఆరోగ్య కోణంలో చూస్తారు.

న్యాయవాది ఖర్చు పెట్టాలా అంటే, తీర్పులో అన్ని సెక్షన్లూ విడుదల లేదా రాజీ అని స్పష్టంగా ఉంటే ఒక్కసారి డబ్బు కట్టి తీర్పు చూపించి అభిప్రాయం తీసుకోండి, చాలు. ఒక్క సందర్భంలో మాత్రం మొదటినుంచీ న్యాయవాది ఉండాలి. మీవారు గతంలో విజిటర్ వీసాకో, హెచ్-1బికో దరఖాస్తు చేసి, డీఎస్-160లో (తాత్కాలిక వీసాల దరఖాస్తు ఫారం) ఇదే ప్రశ్నకు ‘లేదు’ అని రాసి ఉంటే, ఆ జవాబు ఇప్పటికీ వాళ్ల దగ్గర ఉంది. పాత దరఖాస్తును ఏజెంటు నింపాడా, ఆయనే నింపారా అడిగి తెలుసుకోండి. దొరికితే దాని ప్రతి కూడా ఫైల్లో పెట్టుకోండి. మీ తీర్పులో సెక్షన్ల వారీగా ఏముందో ఇక్కడ రాస్తే, పేర్లు, కేసు నంబరు లేకుండా, మేం ఏ కాగితానికి ఏది జతచేశామో వివరంగా చెబుతాను.